పోషించని కన్నవారికి పరిహారంలో వాటా ఉందా?

రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే ఆ ఇంటివాళ్ళు నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్తారు. మన తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో ఆ కేసును ఎం.వి.ఓ.పి. అంటారు. దరఖాస్తులో చనిపోయిన మనిషి పేరు, వయసు, చేసే పని, నెల సంపాదన రాయాలి. అడుగుతున్నవాళ్ళు ఆ మనిషికి ఏమవుతారో కూడా రాయాలి. అక్కడ తండ్రి అనో తల్లి అనో రాసి సంతకం పెడితే ఆ గడి నిండిపోతుంది. ఆ తండ్రి ఆ బిడ్డకు ఏనాడైనా అన్నం పెట్టాడా, కోర్టు మనోవర్తి కట్టమంటే కట్టాడా, పదేళ్ళలో ఒక్కసారైనా వచ్చి చూశాడా అని అడిగే గడి మాత్రం ఆ కాగితంలో లేదు. బిడ్డ బతికున్నప్పుడు పోషణ ఖర్చు ఎగ్గొట్టిన తండ్రి గానీ తల్లి గానీ, బిడ్డ చనిపోయాక వచ్చే డబ్బులో వాటా అడిగితే ఇవ్వాలా వద్దా? ఈ ప్రసంగంలో ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు, దానికి ఆధారాలు మీ ముందు పెడతాను.

లెక్క తెలిస్తే గానీ ఈ ప్రశ్న బరువు తెలియదు. కాబట్టి ఒక కల్పిత కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు విడిపోయారు. కొడుకు ఆరో ఏట నుంచి తల్లి దగ్గరే పెరిగాడు. నెలకు 3,000 రూపాయలు కట్టమని కోర్టు తండ్రికి చెప్పింది. అతను ఒక్క నెల కూడా కట్టలేదు. పిల్లాడికి 18 ఏళ్ళు వచ్చేసరికి, అంటే పన్నెండేళ్ళలో, ఆ బకాయి 4,32,000 రూపాయలయింది. కొడుకు 22 ఏళ్ళ వయసులో విజయవాడలో నెలకు 15,000 జీతానికి పనిచేస్తూ, పెళ్ళి కాకుండానే, లారీ గుద్ది చనిపోయాడు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పిన పద్ధతి ప్రకారం లెక్క వేద్దాం. భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే నెలకు 21,000. పెళ్ళి కాని కుర్రాడు కాబట్టి సొంత ఖర్చుల కింద సగం తీసేస్తే 10,500. ఏడాదికి 1,26,000. ఆ వయసుకు గుణకం 18. మొత్తం 22,68,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, ఆస్తి నష్టం, బిడ్డ సాన్నిహిత్యం కోల్పోయినందుకు ఇచ్చేది కలిపితే 23 లక్షలు దాటుతుంది. ఇన్నాళ్ళూ ముఖం చాటేసిన తండ్రి ఇప్పుడు వకీలును పెట్టుకుని వచ్చి అందులో సగం నాది అంటాడు. పైగా అతన్ని పక్కన పెట్టి తల్లి ఒక్కతే కేసు నడుపుకుందామన్నా కుదరదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం దరఖాస్తులో చేరని వారసులను ప్రతివాదులుగానైనా చేర్చాలి. రాజీకి వచ్చినా అతని సంతకం కావాలి. ఆ సంతకానికి ధర ఉంటుంది.

ఇక్కడ ముందు తేల్చుకోవలసింది, ఈ పరిహారం దేనికి ఇస్తారన్నది. మన దేశంలో దీనికి మూలం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం. అప్పటి దాకా మనిషి గాయపడితే దావా వేయవచ్చు గానీ, చనిపోతే అతనితోపాటే దావా కూడా పోయేది. ఆ చట్టం వచ్చి భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం దావా వేసే వీలు కల్పించింది. అయితే పరిహారం ఎంత ఇవ్వాలన్న దగ్గర ఒక షరతు పెట్టింది. ఆ మరణం వల్ల వాళ్ళలో ఎవరికెంత నష్టం కలిగిందో ఆ నష్టానికి తగినట్టుగా ఇవ్వాలంది. వచ్చిన సొమ్మును ఏ వాటాల్లో పంచాలో కోర్టే చెప్పాలంది. తలా సమానం అనలేదు. వారసత్వ చట్టం ప్రకారం అని కూడా అనలేదు. అంటే నూట డెబ్బై ఏళ్ళ కిందటే మన చట్టం ఈ డబ్బును నష్టంతో ముడిపెట్టింది. బంధుత్వం ఉంటే కోర్టు తలుపు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్ళాక చేతికి ఎంత వస్తుందన్నది నష్టాన్ని బట్టి ఉంటుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం కూడా ఈ రెండింటినీ విడివిడిగానే ఉంచింది. ఎవరు అడగవచ్చన్న విషయంలో కోర్టులు చాలా ఉదారంగా ఉన్నాయి. మృతుడి తమ్ముళ్ళు, అన్నలు కూడా అడగవచ్చని అంతకుముందున్న చట్టం కింద 1987లో, పెళ్ళయి వేరే ఇంట్లో ఉన్న కూతురు అడగవచ్చని 2007లో, అల్లుడి ఇంట్లో ఉంటున్న అత్తగారు అడగవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉమ్మడి బతుకులు బతికే మన సమాజంలో ఆ ఉదారత సబబే. కానీ 168వ సెక్షన్ చూడండి. న్యాయమైన మొత్తం ఎంతో తేల్చాలి, అది ఎవరెవరికి చెల్లించాలో పేర్లు పెట్టి చెప్పాలి అని ట్రిబ్యునల్‌ను ఆదేశిస్తోంది. దరఖాస్తు పెట్టే అర్హత ఉన్నంత మాత్రాన వాటా రాసిపెట్టి ఉన్నట్టు కాదు. పోషించని తండ్రి విషయంలో మనం తరచూ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. అతనికి దరఖాస్తు పెట్టే అర్హత ఉందని చెప్పి, ఆ వెంటనే సగం వాటా కూడా ఉన్నట్టు మాట్లాడతాం.

వచ్చే డబ్బును విడగొట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మన కల్పిత కేసులో 22,68,000 రూపాయలు ఆధారం కోల్పోయినందుకు ఇచ్చేది. పెళ్ళి కాని కొడుకు చనిపోతే ఆ ఆధారం ఎవరిది? తండ్రికి సాధారణంగా సొంత సంపాదన ఉంటుంది కాబట్టి, వేరే సాక్ష్యం ఉంటే తప్ప అతన్ని ఆధారపడినవాడిగా లెక్కించనక్కర్లేదని, తల్లినే ఆధారపడినదిగా చూడాలని సరళా వర్మ తీర్పే చెప్పింది. కలిసి కాపురం చేసే తండ్రి విషయంలోనే మాట అలా ఉంటే, పదహారేళ్ళుగా ఇంటి గడప తొక్కని తండ్రి ఆ కొడుకు జీతం మీద ఆధారపడ్డానని ఏ సాక్ష్యంతో చెప్తాడు? రెండోది, బిడ్డ ప్రేమ, సాన్నిహిత్యం కోల్పోయినందుకు కన్నవారికిచ్చే పరిహారం. మాగ్మా ఇన్సూరెన్స్ కేసులో 2018లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా గుర్తించి 40,000 చొప్పున ఇచ్చింది. ఈ పద్దు కింద ఇచ్చే మొత్తాలు మూడేళ్ళకోసారి 10 శాతం పెరగాలని ప్రణయ్ సేఠీ తీర్పు. సాన్నిహిత్యం పోయిందని అనాలంటే ముందు అది ఉండాలి కదా. కాబట్టి అవార్డులో పెద్ద మొత్తం విషయంలో ఇప్పుడున్న తీర్పులే చాలు. కావలసిందల్లా ట్రిబ్యునల్ ముందు ఆ ప్రశ్న లేవనెత్తి, సాక్ష్యం పెట్టడం.

అసలు చిక్కు మూడో భాగంలో ఉంది. చనిపోయిన బిడ్డ ఆస్తి కింద లెక్కకొచ్చేది, అంటే బ్యాంకులో దాచుకున్నది, అవార్డులో ఆస్తి నష్టం కింద ఇచ్చేది, వారసత్వ చట్టాల ప్రకారం పోతుంది. ఆ చట్టాలకు పోషణతో సంబంధమే లేదు. హిందూ కుర్రాడు పెళ్ళి కాకుండా పోతే తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండో తరగతిలో ఉంటాడు. తల్లి ఉండగా తండ్రికి ఏమీ రాదు. అదే హిందూ కుటుంబంలో పెళ్ళి కాని అమ్మాయి పోతే తల్లికీ తండ్రికీ చెరి సగం. క్రైస్తవ కుటుంబమైతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం తండ్రి బతికుంటే మొత్తం అతనికే, పెంచిన తల్లికి పైసా లేదు. ముస్లిం కుటుంబంలో తల్లికి మూడో వంతో ఆరో వంతో పోగా మిగిలింది తండ్రికి వెళ్తుంది. ఒకే వీధిలో నాలుగు ఇళ్ళు, నాలుగు చోట్లా బిడ్డను గాలికి వదిలేసిన తండ్రే, నాలుగు రకాల ఫలితాలు. ఇది తల్లులకు మాత్రమే జరిగే అన్యాయమని కూడా అనుకోవద్దు. వదిలేసి వెళ్ళింది తల్లి, ఒంటిచేత్తో పెంచింది తండ్రి అయితే, హిందూ కుర్రాడి ఆస్తి మొత్తం ఆ తల్లికి పోతుంది. పెంచిన తండ్రి చూస్తూ ఊరుకోవాలి. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ హత్య చేసినవాడికి వారసత్వం లేకుండా చేసింది. బిడ్డను ఆకలికి వదిలేసినవాళ్ళ గురించి ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు.

కన్నవారి నిర్లక్ష్యాన్ని చట్టంలోకి తేవడం మన సంప్రదాయానికి కొత్త అనేవాళ్ళు ఒకసారి 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం తిరగేయాలి. పనిచేస్తూ కార్మికుడు చనిపోతే ఇచ్చే పరిహారం గురించి అందులో రెండు గొప్ప విషయాలు ఉన్నాయి. మొదటిది, భార్య, మైనరు పిల్లలు, విధవరాలైన తల్లి వంటి కొద్దిమందిని నేరుగా ఆధారపడినవాళ్ళుగా గుర్తించింది. తండ్రిని మాత్రం ఆ వరుసలో పెట్టలేదు. బిడ్డ సంపాదన మీద పూర్తిగానో కొంతైనానో బతుకుతున్నానని అతను నిరూపించుకోవాలి. పంచేటప్పుడు ఎవరికెంత ఇవ్వాలో కమిషనరు తన విచక్షణ మేరకు తేలుస్తాడు, మొత్తం ఒక్కరికే ఇచ్చినా ఇవ్వవచ్చు. రెండోది, ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. తల్లి గానీ తండ్రి గానీ పిల్లలను నిర్లక్ష్యం చేస్తున్నారని కమిషనరుకు నమ్మకం కుదిరితే, అంతకుముందు పంచిన వాటాలనే మార్చవచ్చు. కుటుంబ పోషకుడు పోయాక వచ్చిన డబ్బును బతికున్న పెద్దలు పిల్లలకు ఖర్చు పెట్టని సందర్భం కోసం రాసిన మాట అది. సందర్భం వేరైనా సూత్రం ఒకటే. కన్నవారి నిర్లక్ష్యం వాటాను మార్చగల కారణమని బ్రిటిష్ కాలంలోనే మన శాసనం ఒప్పుకుంది. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఫ్యాక్టరీలో పోయిన బిడ్డకు ఒక న్యాయం, ఫ్యాక్టరీ గేటు బయట రోడ్డు మీద పోయిన బిడ్డకు ఒక న్యాయం ఎందుకుండాలి?

బయటి దేశాలు ఈ ప్రశ్నను ఇంకా సూటిగా ఎదుర్కొన్నాయి. అమెరికాలో ఇది రాష్ట్రాల వ్యవహారం. నార్త్ కరోలినాలో మరణ పరిహారాన్ని వారసత్వ వరుస ప్రకారమే పంచుతారు. అయితే బిడ్డ సంరక్షణను, పోషణను కావాలని వదిలేసిన తల్లికి గానీ తండ్రికి గానీ ఆ హక్కు పోతుంది. దీనికి రెండు మినహాయింపులు పెట్టారు. బిడ్డ చనిపోవడానికి కనీసం ఏడాది ముందు మళ్ళీ పోషణ మొదలుపెట్టి చివరిదాకా కొనసాగించి ఉంటే హక్కు నిలుస్తుంది. కోర్టు బిడ్డను తన దగ్గర నుంచి తీసేసినా, కట్టమన్న పోషణ ఖర్చును చాలావరకు కట్టి ఉంటే నిలుస్తుంది. బిడ్డ చిన్నప్పుడు వదిలేసి, పెద్దయ్యాక వచ్చి పలకరించిన ఒక తండ్రి ఈ మొదటి మినహాయింపు కింద వాటా అడిగాడు. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2003లో ఒప్పుకోలేదు. పోషణ మళ్ళీ మొదలుపెట్టడమంటే అది అవసరమైన బాల్యంలోనే మొదలుపెట్టాలని చెప్పింది. న్యూయార్క్ చట్టం 21 ఏళ్ళలోపు బిడ్డను పోషించని, లేదా వదిలేసిన కన్నవారికి వారసత్వంలోనే కాక మరణ పరిహారంలోనూ వాటా లేకుండా చేసింది. టెక్సాస్‌ది వారసత్వానికి సంబంధించిన నియమం. బిడ్డను తనంతట తాను వదిలేసి, తన బాధ్యతకో స్తోమతకో తగ్గట్టు మూడేళ్ళపాటు పోషించని కన్నవారిని కోర్టు వారసత్వం నుంచి తప్పించవచ్చు. అందులో స్తోమత అన్న మాటను గుర్తుంచుకోండి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

దక్షిణ కొరియాలో ఈ మార్పు ఒక గాయని మరణంతో మొదలైంది. గూ హారా అనే ప్రసిద్ధ గాయని 2019 నవంబరులో చనిపోయింది. ఆమె చిన్నతనంలోనే ఇల్లు వదిలి వెళ్ళిన తల్లి తిరిగొచ్చి ఆస్తిలో తన వాటా అడిగింది. అప్పటి చట్టం ప్రకారం ఆమెకు హక్కు ఉంది. 2020 చివర్లో గ్వాంగ్జూ కుటుంబ కోర్టు పెంచిన తండ్రి చేసిన సేవను లెక్కలోకి తీసుకుని అతని వైపు ఆరు పాళ్ళు, తల్లికి నాలుగు పాళ్ళు అంది. అంతకుమించి చేయడానికి ఆ కోర్టు చేతిలో చట్టం లేదు. గాయని అన్న పట్టుబట్టి తెచ్చిన కదలిక వల్ల, పోషణ బాధ్యతను తీవ్రంగా ఉల్లంఘించిన కన్నవారి వారసత్వాన్ని కుటుంబ కోర్టు రద్దు చేసే వీలు కల్పిస్తూ 2024 ఆగస్టులో పార్లమెంటు సవరణ చేసింది. 2026 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఎవరి హక్కూ దానంతటదే పోదు. ఎవరో ఒకరు అడగాలి, కోర్టు విచారించాలి, అప్పుడే పోతుంది. తల్లిదండ్రులను గౌరవించడంలో మనకేమీ తీసిపోని సమాజం ఆ నిర్ణయానికి వచ్చిందన్నది మనం గమనించాలి.

ఇప్పుడు బకాయి సంగతి. బిడ్డ పోయాక కూడా ఆ 4,32,000 రూపాయల అప్పు అప్పుగానే ఉంటుందా? న్యాయంగా ఉండాలి. ఎందుకంటే ఆ డబ్బు తల్లి ఎక్కడో తెచ్చి అప్పటికే ఖర్చు పెట్టేసింది. కానీ మన వసూలు పద్ధతి చాలా బలహీనం. ఒకప్పుడు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మనోవర్తి వస్తుంది. కట్టకపోతే జరిమానా వసూలు చేసినట్టు వసూలు చేయవచ్చు, జైలుకూ పంపవచ్చు. జైలుకు వెళ్ళొచ్చినంత మాత్రాన బాకీ మాఫీ కాదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కానీ ఏ నెల డబ్బుకైనా అది రావలసిన రోజు నుంచి ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. చెప్పులరిగేలా తిరిగే ఓపిక, వకీలు ఫీజు లేని తల్లి ఆ గడువులు దాటబెట్టుకుంటూ పోతుంది. అమెరికాలో 1986 నుంచి కట్టని ప్రతి నెల వాయిదా దానంతటదే కోర్టు డిక్రీతో సమానమవుతుంది. మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండే న్యూజెర్సీలోనైతే, కేసు రాజీ అయి క్లయింటుకు 2,000 డాలర్లకు మించి డబ్బు ఇవ్వవలసి వస్తే, అతని మీద పోషణ బకాయి ఏమన్నా ఉందేమో వెతికి చూడవలసిన బాధ్యత వకీలుదే. ఉంటే ముందు అది తీర్చాకే మిగతాది అతని చేతికి వస్తుంది. మన దగ్గర ఒక కోర్టులో మనోవర్తి ఎగ్గొట్టిన మనిషి పక్క కోర్టులో చెక్కు తీసుకుని దర్జాగా వెళ్ళిపోవచ్చు. ఒకే ప్రాంగణంలో ఉన్నా ఆ రెండు కోర్టుల ఫైళ్ళూ ఒకదానికొకటి కనబడవు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. అన్నిటికన్నా గట్టిది పేదరికం. కూలి దొరక్క వలసపోయినవాడు, జబ్బుపడినవాడు, పంట పోయి అప్పుల్లో మునిగినవాడు నెలకు 3,000 ఎక్కడ తెస్తాడు? అతని బిడ్డ పోతే, నువ్వు బకాయిదారువి, నీకు ఏడ్చే హక్కు కూడా లేదని అనగలమా? అనలేం, అనకూడదు. అందుకే బకాయి ఉండటం ఒక్కటే వాటా పోవడానికి కారణం కాకూడదంటున్నాను. శక్తి ఉండి కూడా కావాలని వదిలేశాడా అన్నది తేలాలి. నార్త్ కరోలినా చట్టంలో కావాలని అన్న మాట, టెక్సాస్ చట్టంలో స్తోమత అన్న మాట ఉన్నది ఇందుకే. 500 రూపాయలు పంపగలిగిన రోజున 500 పంపినవాడు, పంపలేని రోజున వచ్చి బిడ్డను బడికి తీసుకెళ్ళినవాడు వదిలేసినవాడు కాదు. దానికి తోడు, తల్లి బిడ్డను చూడనివ్వలేదని తండ్రి చెప్పే సందర్భాలూ ఉంటాయి. కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ చూడనివ్వకపోతే వెళ్ళడానికి కోర్టు ఉంది, చూడనివ్వకపోయినా డబ్బు పంపడానికి పోస్టాఫీసూ బ్యాంకూ ఉన్నాయి. ఆ దారుల్లో ఒక్కటైనా తొక్కినట్టు కాగితం ఉంటే ట్రిబ్యునల్ అతని మాట వినాలి. పదేళ్ళలో ఒక్క మనియార్డరు రసీదు కూడా లేనివాడికి ఆ సాకు పనికిరాదు.

రెండో అభ్యంతరం దుఃఖానిది. డబ్బు ఇవ్వనంత మాత్రాన కన్నప్రేమ ఉండదా, బిడ్డ పోయాడని వినగానే ఆ తండ్రి గుండె పగలదా అంటారు. పగలవచ్చు. దాన్ని తూచే రాళ్ళు కోర్టు దగ్గర లేవు, ఉండనక్కర్లేదు కూడా. పరిహార చట్టం ఎవరి కన్నీళ్ళు నిజమైనవో తేల్చదు. బిడ్డ బతికి ఉంటే ఈ మనిషికి అందేది ఏమిటి, పోవడం వల్ల అందకుండా పోయింది ఏమిటి అనే చూస్తుంది. దీనికి జవాబుగా ముసలితనంలో ఆ కొడుకు ఆదుకునేవాడేమో అంటారు. చట్టం కూడా తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులకు బిడ్డల నుంచి మనోవర్తి పొందే హక్కు ఇచ్చింది కదా అని గుర్తుచేస్తారు. ఇది తోసిపారేయగల మాట కాదు. ఒకప్పుడు ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక పదహారేళ్ళ అమ్మాయి మరణం కేసులో, ఆమె ఇంకా సంపాదన మొదలుపెట్టకపోయినా కన్నవారికి పరిహారం రావచ్చంది. అయితే భవిష్యత్తులో ఆమె ఆదుకుంటుందన్న ఆశకు సహేతుకమైన ఆధారం ఉండాలని కూడా అంది. కుట్టుపని నేర్చుకుంటూ ఇంట్లోనే ఉన్న ఆ పిల్ల మీద ఆమె తల్లిదండ్రులు పెట్టుకున్న ఆశ సహేతుకం. తాను ఆరేళ్ళ వయసులో వదిలేసిన కొడుకు తనకు అరవై ఏళ్ళు వచ్చాక అన్నం పెడతాడని పెట్టుకునే ఆశకు ఆధారం ఏది? ఉంటే చూపించమనాలి. కొడుకు పెద్దయ్యాక తండ్రిని చేరదీసి నెలనెలా ఏమన్నా పంపుతూ ఉంటే ఆ మేరకు అతనికి నష్టం జరిగినట్టే, ఆ మేరకు వాటా ఇవ్వాల్సిందే.

మూడోది, ఇదంతా మొదలుపెడితే ప్రమాద కేసు కాస్తా సంసారం కేసు అయిపోతుందని, ఏళ్ళు పడుతుందని. నిజమే, పరిహారం ఆలస్యమైతే నష్టపోయేది పెంచిన తల్లే. కానీ లారీ తప్పు ఎంత, మొత్తం ఎంత అన్నది తేల్చడానికి వాటాల గొడవతో పనిలేదు. ముందు మొత్తం తేల్చి, ఇన్సూరెన్స్ కంపెనీ చేత కట్టించి, వివాదం ఉన్న వాటాను మాత్రం బ్యాంకులో డిపాజిట్‌గా ఉంచి తర్వాత తేల్చవచ్చు. దీనికి పట్టే సాక్ష్యమూ కొండంత ఏమీ ఉండదు. మనోవర్తి ఉత్తర్వు, చెల్లింపుల వివరం, ఇద్దరి ప్రమాణపత్రాలు ఉంటే చాలావరకు తేలిపోతుంది. నాలుగోది, తండ్రి వాటా తీసేస్తే లాభం ఇన్సూరెన్స్ కంపెనీకి కదా అన్నది. మన లెక్క మళ్ళీ చూడండి. పెళ్ళి కాని కుర్రాడి సొంత ఖర్చుల కింద సగమే తీసేశాం. ఆధారపడింది తల్లి ఒక్కతే అయినా ఆ సగం మారదు, 22,68,000 అలాగే ఉంటుంది. తండ్రి వాటా తల్లికి చేరుతుంది. కంపెనీకి మిగిలేది అతనికి సాన్నిహిత్యం కింద ఇవ్వవలసిన చిన్న మొత్తమే.

ఈ వాదనను తిరగేసి అడిగేవాళ్ళకు కూడా జవాబు చెప్పాలి. చనిపోయింది పోషణ ఎగ్గొట్టిన తండ్రే అయితే? అతను బతికుండగా ఈ బిడ్డకు పైసా ఇవ్వలేదు, కాబట్టి అతను పోవడం వల్ల ఈ బిడ్డకు నష్టమేమీ లేదు అని ఎదుటి పక్షం అనవచ్చు. నష్టమే కొలబద్ద అని ఇంతసేపు చెప్పిన నేను దీనికి ఒప్పుకోవాలా? ఒప్పుకోను. పోషించవలసిన బాధ్యత తండ్రిది, పోషణ పొందే హక్కు బిడ్డది. 18 ఏళ్ళు నిండేదాకా ఆ హక్కును కోర్టు ద్వారా రాబట్టుకునే అవకాశం బిడ్డకు ఉంది. ప్రమాదం ఆ అవకాశాన్నే తుడిచిపెట్టింది. బాధ్యత తప్పినవాడు ఆ తప్పు వల్ల లాభపడకూడదు. ఆ తప్పుకు బలైన బిడ్డ దానివల్ల మరోసారి నష్టపోకూడదు. ఈ రెండు మాటలూ ఒకే న్యాయం నుంచి వచ్చినవి, వాటి మధ్య వైరుధ్యం లేదు.

మరి చేయవలసిందేమిటి? మూడు పనులు చెప్తాను. మొదటిదానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. క్లెయిమ్ దరఖాస్తులో ఏ వివరాలు ఉండాలో నియమాలు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం 176వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. బిడ్డ మరణానికి పరిహారం అడిగే ప్రతి తల్లీ తండ్రీ, ఆ బిడ్డకు సంబంధించి తమ మీద మనోవర్తి ఉత్తర్వు ఉందా, బకాయి ఎంత, బిడ్డ ఎవరి దగ్గర పెరిగాడు అన్న మూడు విషయాలు ప్రమాణపత్రం మీద చెప్పాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు నియమం చేయవచ్చు. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తిపాస్తుల వివరాలు ప్రమాణపత్రంలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో చెప్పింది, ఇదీ అలాంటిదే. రెండోది, పోషించని కన్నవారికి ఏ కారణం చేతనైనా వాటా వస్తే, చెక్కు ఇచ్చే ముందు అందులోంచి బకాయి తీసి, పెంచినవాళ్ళకు ఇవ్వాలి. మూడోది, వారసత్వ చట్టాల్లో హంతకుడి పక్కన, శక్తి ఉండీ మైనరు బిడ్డను కావాలని వదిలేసిన కన్నవారికీ చోటు పెట్టాలి. కొరియాలో లాగా కోర్టు విచారించాకే ఆ హక్కు పోవాలి. బాల్యంలోనే తిరిగొచ్చి పోషించినవారికి మినహాయింపు ఉండాలి. వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్రం కూడా చొరవ చూపవచ్చు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది. దేశం మొత్తానికి అది వర్తించడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఈ మార్పులు వచ్చేదాకా ఆగనక్కర్లేని పని కూడా ఒకటుంది. బిడ్డను ఒంటరిగా పెంచి పోగొట్టుకున్న తల్లి గానీ తండ్రి గానీ, తాత అమ్మమ్మలు గానీ ట్రిబ్యునల్‌కు వెళ్ళేటప్పుడు బడి ఫీజు రసీదులు, ఆసుపత్రి కాగితాలు, రేషన్ కార్డు, మనోవర్తి ఉత్తర్వు కాపీ వెంట తీసుకెళ్ళండి. వాటాల ప్రశ్న ఇప్పుడే తేల్చమని మీ వకీలు చేత అడిగించండి. 168వ సెక్షన్ ట్రిబ్యునల్‌కు ఆ అధికారం ఇప్పటికే ఇచ్చింది. రాజీ కుదిరి, వాటాలకు ఒప్పుకున్నట్టు సంతకాలు అయిపోయాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.